మూడు నిమిషాల మావయ్య

మా మావయ్య ఎక్కడికి ఎక్కినా మధ్యలో మూడు నిమిషాలు ఆగుతాడు. మెట్లయినా సరే, లిఫ్టయినా సరే, ఆఖరికి మంచం మీద నుంచి లేవడమైనా సరే.

ఆయన సముద్రంలో డైవింగ్ నేర్పే మాస్టారు. లోతుకెళ్లి గాలి పీలిస్తే అందులోని నైట్రోజన్ ఒంట్లోకి దిగుతుంది. గబుక్కున పైకి తేలితే మూత తీసిన సోడాలా ఒంటినిండా బుడగలే. అందుకని అయిదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగి మరీ రావాలి. నీళ్లల్లో ఇది చక్కని పద్ధతే. గ్యాస్ సిలిండర్ భుజానేసుకుని రెండో అంతస్తు మెట్ల మీద పాటిస్తేనే మా ప్రాణాలు తోడేస్తుంది.

"కూర సగం ఉడికి చచ్చింది, వస్తారా రారా?" అని మూడో అంతస్తు నుంచి అత్తయ్య కేక.

"ఇంకా ఒకటిన్నర నిమిషం!"

"ఆ సిలిండరైనా కింద పెట్టి ఏడవచ్చుగా!"

"బరువు దించితే తేలిపోనూ?"

నేను ఆయన మేనకోడల్ని, ఆయన దగ్గరే పనిచేస్తాను. "ఏమిటీ చాదస్తం మావయ్యా?" అని వెయ్యిసార్లు అడిగుంటాను. "తొందరపడేవాడు పైకి రాడే, పైకి పోతాడు" అనేవాడు.

పోయిన నెల ఒక రిటైరైన తెలుగు టీచరుగారు మా దగ్గర డైవింగ్ కోర్సులో చేరారు. అరవై రెండేళ్లు. రెండుసార్లు ఆఖరి డైవ్‌లో భయపడి మధ్యలోనే వదిలేశారు. మూడోసారి పడవలో నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ కూడా భయపడితే మళ్లీ నీళ్ల మొహం చూడనమ్మా. క్లాసులో నేనంటే హడల్. నాకేమో నీళ్లంటే హడల్. ఎంత సిగ్గుచేటు!" అన్నారు.

కింద అంతా బాగానే జరిగింది. తీరా అయిదు మీటర్ల దగ్గర తాడు పట్టుకుని ఆగామో లేదో, ఆవిడ వణికిపోయారు. బొటనవేలు ఎత్తి ఎత్తి చూపిస్తున్నారు. మా సైగల్లో దానర్థం 'భేష్' కాదు, 'పైకి పోదాం' అని. మావయ్య ఆవిడ దగ్గరున్న గాలెంతో చూసి, మణికట్టు పట్టుకుని, మూడు నిమిషాలు కాగానే మిగతావాళ్లని తీసుకెళ్లమని నాకు సైగ చేశాడు.

పైకొచ్చాక ఆరు నిమిషాలైంది, తొమ్మిదైంది. వాళ్లిద్దరూ ఇంకా కిందే వేలాడుతున్నారు.

"మీ మావయ్యగారు అక్కడే కాపురం పెట్టేశారా?" అన్నాడు పడవలో ఒకాయన.

చివరికి పన్నెండో నిమిషంలో తేలారు. టీచరుగారి మొహం వెలిగిపోతోంది! "ఎప్పుడు పైకి రావాలో చెప్పే నా చేతి కంప్యూటర్ మొండికేసిందండీ, ఇంకా ఆగు ఆగు అంది" అని మావయ్య అందరికీ క్షమాపణ చెప్పాడు.

సామాన్లు కడుగుతూ ఆ చేతి కంప్యూటర్ చూశాను. అది మూడో నిమిషానికే పైకి వెళ్లమంది! పక్కనే నీళ్లల్లో రాసుకునే పలక. మావయ్య దస్తూరీ: "బయం వద్దు. స్వాస మెల్లగా. మూడు నిమిశాలే." మూడు తప్పులకీ సున్నాలు చుట్టి, దిద్ది, కింద టీచరుగారు రాశారు: "పదికి మూడు. మళ్లీ రాయి." మావయ్య మళ్లీ రాశాడు, మళ్లీ తప్పులే. ఆవిడ మళ్లీ దిద్దారు. దిద్దడంలో పడి వణకడం మర్చిపోయారు!

"షాపు బోర్డులో ఒక్క అక్షరం తప్పితే పెయింటర్ని పీక్కుతింటావు. నీకు ఒత్తులూ, శ-ష-సలూ రావా మావయ్యా?"

"నీళ్లల్లో తడిసిపోయాయే. నోర్మూసుకుని పలక తుడు."

టీచరుగారికి డైవింగ్ పాసైనట్టు కార్డు వచ్చింది. "మీ మావయ్య బంగారంలాంటి మనిషే గానీ చదువే పాపం" అని వాపోయి, రోజూ పొద్దున్నే వచ్చి ఆయనకి డిక్టేషన్ చెప్పడం మొదలుపెట్టారు. పాపం, ఇంట్లో ఒక్కరే ఉంటారట.

నిన్న డిక్టేషన్ అయ్యాక ఆవిడ, "ఇవాళ తప్పుల్లేకపోతే ఇక నేను రానక్కర్లేదేమోనయ్యా" అన్నారు. గొంతు నీరసంగా ఉంది.

మావయ్య అటు తిరిగి, రబ్బరుతో రెండు ఒత్తులు చెరిపేసి పుస్తకం అందించాడు.

"అయ్యో రామా! నీకింకా ఏళ్లు పడుతుంది!" అని టీచరుగారు సంబరంగా ఎర్ర పెన్ను తీశారు.