డ్రిల్లు మాస్టారి వెనక ఎనభై తొమ్మిది బ్యాచ్

అది 2023 డిసెంబరు. చోడవరంలో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి నాకు కొన్నేళ్ళయింది. పొద్దున్నే క్లినిక్ తెరవకముందు స్కూటీ వేసుకుని ఇళ్ళకు వెళ్ళి, మంచం దిగలేని వాళ్ళ చేత వ్యాయామాలు చేయించడం నా అలవాటు. గానుగ రోజులు కదా, చెరకు ట్రాక్టరు వెనక చిక్కుకున్నానంటే ఆ పూట పని గోవిందా. మా వృత్తంటే చాలామందికి కాళ్ళు పట్టడమనే లెక్క. కాదు బాబూ! సగం పని కండరాలతో అయితే, మిగతా సగం మనిషి మొండితనంతో. నాకు మొదటిది చదువులో నేర్పారు. రెండోది అప్పలనాయుడు మాస్టారి ఇంటి వరండాలో నేర్చుకున్నాను.

మాస్టారు ఇక్కడి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. డెబ్భై దాటినా నిటారైన మనిషి. తుంటి ఎముక విరిగితే విశాఖలో ఆపరేషన్ చేశారు. ఎక్స్‌రే చూశాను, బ్రహ్మాండంగా అతుక్కుంటోంది. సర్జన్ గారు పూర్తి వెయిట్ బేరింగ్‌కి, అంటే ఆ కాలి మీద ఒంటి బరువంతా మోపడానికి, అనుమతి కూడా రాశారు. కానీ ఇంటికొచ్చిన కొత్తలో ఒకసారి బాత్రూమ్ ముందు తూలి కూలబడ్డారట. ఏమీ కాలేదు, దెబ్బ కూడా తగల్లేదు. ఆ రోజు నుంచి లేవడం మానేశారు. పొద్దున వరండాలో కుర్చీ, రాత్రికి మంచం. ఇద్దరు పట్టుకుని అక్కడి నుంచి ఇక్కడికి మార్చాలి. దీన్ని మేం ఫియర్ ఆఫ్ ఫాలింగ్ అంటాం. పడిపోతానేమోనన్న భయం మనిషిని కుర్చీకి కట్టేస్తుంది. ఆ వయసులో అలా కూర్చుండిపోతే కండ కరిగిపోతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, ఒళ్ళు పుండ్లు పడుతుంది. తర్వాత లేద్దామన్నా లేవలేరు. ఎముక విరిగినందుకు కాదు, కూర్చున్నందుకే చాలామందిని పోగొట్టుకుంటాం.

"లేవండి మాస్టారూ, నేను పట్టుకుంటాను కదా."

"రేపు సూద్దారమ్మా."

ఇదీ వరస. కోడలు సుజాత అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఊళ్ళో పిల్లగుంటలందరినీ దారిలో పెట్టే మనిషే ఈయన దగ్గర చేతులెత్తేసింది. "ఆ రేపన్నది ఈ ఇంట్లోకి ఎప్పుడొస్తదో ఏటో మేడమ్! నిన్న నాకూ అదే సెప్పేరు" అంది. వాకర్ తెచ్చి పక్కన పెడితే దాని మీద తువ్వాలు ఆరేయించారు. బతిమాలాను, కసిరాను, భయపెట్టాను. నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఓ రోజు నేనుండగానే పూర్వ విద్యార్థులు కొందరు వచ్చారు. ఎనభై తొమ్మిదిలో పదో తరగతి చదివిన బ్యాచ్. ఫిబ్రవరిలో ఓ ఆదివారం స్కూల్లో కలుసుకుంటున్నారట, మాస్టార్ని పిలవడానికి వచ్చారు. ముందు నిలబడ్డావిడ రాజేశ్వరి. గాజువాక వైపు ఏదో ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. చదువుకునే రోజుల్లో డ్రిల్లులో స్క్వాడ్ లీడరు, అంటే వరసకి కమాండ్లు చెప్పే పిల్ల. ఆమె వెనకాల సన్యాసిరావు, రావికమతంలో చెరకు రైతు, బొజ్జా మీసాలూ ఉన్న భారీ మనిషి.

"మీరు లేకపోతే ఈ ఫంక్షనే లేదు మాస్టారూ" అంది రాజేశ్వరి.

మాస్టారు మొహం తిప్పుకున్నారు. "నాను రాను. నలుగురు ఎత్తుకుని తెస్తే సూడ్డానికి నానేటి, ఊరేగింపు బొమ్మనా? మీ అందరికీ నిటారుగా నిలబడ్డం నేర్పినోణ్ణి. ఇలా సూడొద్దు నన్ను. ఎల్లండమ్మా, ఎల్లండి."

ఆ గొంతులో కోపం కంటే సిగ్గెక్కువ. నాకు ఆయన రోగం అప్పుడు పూర్తిగా అర్థమైంది. పడతానన్న భయం ఒక్కటే కాదు, పడుతుంటే తన పిల్లలు చూస్తారన్న భయం.

వాళ్ళు మొహాలు వేలాడేసుకుని వీధిలోకి దిగారు. నేనూ బ్యాగు సర్దుకుంటున్నాను. రాజేశ్వరికి ఏం తోచిందో ఏమో, వీధిలో ఆగిపోయి, "స్క్వాడ్! ఫాలిన్!" అని కేకేసింది. ఓలమ్మో, ఆ గొంతు! పక్కింటి కోళ్ళు చెదిరిపోయాయి. యాభై ఏళ్ళ మనుషులు, చీరలూ ప్యాంట్లూ పంచెలూ, చెప్పిన క్షణంలో వరస కట్టేశారు. లెఫ్ట్ రైట్, లెఫ్ట్ రైట్ అంటూ ఇంటి ముందు అటూ ఇటూ నడవడం మొదలెట్టారు.

వరండాకి ముందు పిట్టగోడ ఉంది. కుర్చీలో కూర్చున్న మాస్టారికి వాళ్ళ తలలూ భుజాలూ మాత్రమే కనిపిస్తున్నాయి. ఆయన చూడనట్టే కూర్చున్నారు. కానీ చెవి ఊరుకోదు కదా. అడుగుల చప్పుడులో ఎక్కడో ఒకటి తేడాగా పడుతోంది.

"ఎవడ్రా అది?" అన్నారు. వాళ్ళు నడుస్తూనే ఉన్నారు.

"ఎవడ్రా అడుగు తప్పతన్నాడు?"

అడుగు కనపడాలంటే పిట్టగోడ అడ్డం. మెడ సాచారు, కనపడలేదు. కుర్చీ చేతుల మీద బలం ఆన్చారు. నేను ఆయన వెనక్కి చేరాను, ముట్టుకోలేదు. లేచారు! రెండు చేతులతో పిట్టగోడ పట్టుకుని, రెండు కాళ్ళ మీదా సమంగా బరువు మోపి, వీధిలోకి వంగి చూశారు.

"ఒరే సన్యాసీ! నువ్వేనట్రా! ఏ కాలేస్తే ఆ పక్క సెయ్యే ఊపుతన్నావు! ముప్పై ఏళ్ళు దాటినా ఆ సెయ్యి మారలేదేట్రా నీకు!"

వీధంతా ఆగిపోయింది. సుజాత గుమ్మంలో చేటతో అలాగే నిలబడిపోయింది. తను నిలబడ్డానని ఆయనకి తెలియలేదు. తెలిసిన క్షణంలో కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నారు, నేను కూర్చోబెట్టాను.

నేను వీధిలోకి పరిగెత్తాను. "రేపు కూడా వస్తారా? ఆ తప్పు మళ్ళీ అలాగే వెయ్యండి" అని సన్యాసిరావుని బతిమాలాను.

ఆయన మొహం ఎర్రబడింది. "నేను కావాలని ఎయ్యలేదండి మేడమ్. నాకు రాదండి. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు."

మర్నాడు వచ్చారు. ఆ తర్వాత కూడా. నేను ఏదో నాలుగు రోజుల ముచ్చటనుకున్నాను. కాదు. వాళ్ళలో వాళ్ళు వంతులు వేసుకున్నారు. రోలుగుంట వాళ్ళు ఓ రోజు, దేవరాపల్లి వాళ్ళు ఓ రోజు, విశాఖలో స్థిరపడ్డవాళ్ళు ఆదివారాలు. పొలానికీ ఆఫీసుకీ దుకాణానికీ వెళ్ళే ముందు మంచులో మోటారు సైకిళ్ళ మీద వచ్చి, చెప్పులు ఓ పక్కన పెట్టి, మాస్టారి ఇంటి ముందు డ్రిల్లు చేసి వెళ్ళేవారు. సన్యాసిరావు మాత్రం వంతుతో పనిలేకుండా రోజూ వచ్చేవాడు. "నేను రాకపోతే ఆయనకి తిట్టడానికెవరున్నారండీ?" అనేవాడు.

నా పని నేను చేసుకున్నాను. కుర్చీ రోజుకి కాస్త వెనక్కి జరిపేదాన్ని. అడుగు చూడాలంటే లేవాలి, లేచి పిట్టగోడ దాకా నడవాలి. తర్వాత మెట్లు, తర్వాత వీధి. వాకర్ మీది తువ్వాలు ఎప్పుడు పోయిందో గమనించలేదు. జనవరి చివర్లో ఓసారి కళ్ళు తిరిగి తూలారు. బీపీ మాత్రలు మార్చడం వల్ల అయింది, దానికీ కాలికీ సంబంధం లేదు. అయినా వెంటనే తలుపేసుకున్నారు. "అయిపోయింది అమ్మాయ్. గ్రౌండులో అందరి ముందూ ఇదే జరిగితే?" అన్నారు. వాళ్ళని రావద్దని చెప్పమని సుజాతకి పురమాయించారు.

సుజాత చెప్పింది. వాళ్ళు విన్నారు. విని, మూసిన తలుపు ముందు అదే టైముకి డ్రిల్లు చేసి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయారు. మర్నాడూ అంతే. నేను లోపల ఆయన మంచం పక్కన కూర్చుని ఆ అడుగుల చప్పుడు విన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు అసూయ పుట్టింది. నేను చదివిన హాస్టళ్ళలో మార్కుల్ని బట్టి ప్రతి టెర్ముకీ సెక్షన్ మార్చేవాళ్ళు. నా పక్కన కూర్చున్న పిల్ల పేరు కూడా గుర్తులేదు. ఈ ముసలాయన కోసం ఇంతమంది మూసిన తలుపుకి సెల్యూట్ కొట్టి వెళుతున్నారే, ఎక్కడి బంధం ఇది!

మూడో రోజు ఆయనే, "తలుపు తియ్యమ్మా" అన్నారు కోడలితో. నన్ను చూసి, "వస్తాను. నడిచే వస్తాను. తోపుడు కుర్చీ నా కంటికి కనపడకూడదు" అన్నారు.

స్కూలు గేటు నుంచి జెండా స్తంభం దాకా ఆయన అప్పటివరకూ నడిచిన దూరం కంటే చాలా ఎక్కువ. సగంలో కూలబడితే ఈ మనిషి ఇక జన్మలో లేవడు, నాకు తెలుసు. వద్దని చెప్పాను. వింటేనా! చివరికి వీల్‌చెయిర్‌ని ఓ ఆటోలో పెట్టి, గ్రౌండు అంచున చెట్ల చాటున ఉంచమన్నాను.

ఆదివారం వచ్చింది. ఆ స్కూల్లో ఓ పద్ధతి ఉండేదట. జెండా పండగ రోజున గేటు దగ్గర అందరూ వరసలు కట్టి, మాస్టారు ముందు నడుస్తుంటే ఆయన వెనకే స్తంభం దాకా వెళ్ళేవారట. ఆయన్ని దాటి ఎవరూ అడుగు వెయ్యకూడదు. ఆ రోజూ అలాగే నిలబడ్డారు. మాస్టారిది తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో కర్ర ఒకటి. నడుముకి గెయిట్ బెల్ట్, అంటే పడబోతే పట్టుకోవడానికి కట్టే వెడల్పాటి పట్టీ. దాన్ని చొక్కా కింద దాచమన్నారు. నేను పక్కనే, చెయ్యి బెల్టు మీద. గ్రౌండు చుట్టూ పెళ్ళాలూ మొగుళ్ళూ పిల్లలూ, ఇప్పటి టీచర్లూ.

బయల్దేరాం. బాగానే నడిచారు. సగం దాటాక శ్వాస బరువెక్కింది. కాలు ఈడ్చారు. ఆగిపోయారు.

"అమ్మాయ్... కాలు రావట్లేదు."

ఆయన చొక్కా తడిసిపోయింది. ఆ కళ్ళలో బాత్రూమ్ ముందు పడ్డనాటి భయం కనపడింది. అటు ఆటో దగ్గర ఎవరో వీల్‌చెయిర్ దించేశారు కూడా. ఇప్పుడు వెనకాల ఉన్నవాళ్ళంతా 'అయ్యో' అంటూ పరిగెత్తుకొస్తారు, ఎత్తుకుంటారు, అంతటితో సరి, అనుకున్నాను.

వెనక నుంచి రాజేశ్వరి గొంతు ఖంగుమంది. "స్క్వాడ్! మార్క్ టైమ్!"

మార్క్ టైమ్ అంటే ముందుకి జరగకుండా ఉన్నచోటే అడుగులు వెయ్యడం. ఆ వరసలన్నీ ఉన్నచోటే కాళ్ళు ఎత్తి వెయ్యడం మొదలెట్టాయి. ఒక్కరు ముందుకి రాలేదు. ఒక్కరు 'అయ్యో' అనలేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, షుగరున్నవాళ్ళు, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టినవాళ్ళు, ఎండలో చెమటలు కక్కుతూ, ఎడమ, కుడి, ఎడమ, కుడి. వీల్‌చెయిర్ తోసుకొస్తున్న కుర్రాడికి ఎవరో చేత్తో సైగ చేశారు, అతను అక్కడే నిలబడిపోయాడు. నేల అదురుతోంది. ఆ అదురు నా పాదాల్లోంచి పైకి పాకింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

వాళ్ళు ఆయన కోసం ఆగినట్టు లేదు. ఆయనే ఆపించినట్టుంది.

ఎంతసేపో తెలియదు. ఆయన శ్వాస నెమ్మదించడం బెల్టు మీదున్న నా చేతికి తెలిసింది. తలాడింది, వాళ్ళ అడుగులకి సరిగ్గా. మా చదువులో రిథమిక్ క్యూయింగ్ అని ఉంది, లయ వినిపిస్తే మొరాయించిన కాలు కదులుతుందని. పుస్తకంలో చదివినప్పుడు అది ఓ పేరా. ఇప్పుడది నా చేతి కింద కదులుతోంది. ఆయన వెన్ను నిటారైంది. కర్ర లేని చెయ్యి పైకెత్తి ముందుకి చూపించారు.

"ఫార్వర్డ్!" అంది రాజేశ్వరి.

ఎడమ కాలు పడింది. స్తంభం దాకా మళ్ళీ ఆగలేదు. అక్కడికి చేరాక తనే మెల్లగా వెనక్కి తిరిగి, పీలగొంతుతో, "హాల్ట్" అన్నారు. ఆ పీలగొంతుకే అంతమందీ ఒక్కటే చప్పుడుతో ఆగారు. అప్పటిదాకా బిగబట్టుకున్న సన్యాసిరావు భోరుమన్నాడు. "ఏడిస్తే ఏడు గానీ, సేతులు పక్కకెట్టరా" అన్నారు మాస్టారు.

మాస్టారు ఇప్పుడు సందు చివర టీ కొట్టు దాకా కర్రతో వెళ్ళొస్తారు. నేనింకా ఇళ్ళకి తిరుగుతూనే ఉన్నాను. ఇదివరకు పేషెంటు సగంలో ఆగిపోతే, 'రండి రండి, ఇంకో రెండడుగులు' అని లాగేదాన్ని, లేకపోతే కుర్చీ తెచ్చేదాన్ని. మా పనిలో ఆ రెండే ఉన్నాయనుకున్నాను. మొన్న దేవరాపల్లిలో ఓ ముసలావిడ పక్షవాతం వచ్చిన కాలితో వాకిట్లో సగందాకా వచ్చి ఆగిపోయింది. నేను లాగలేదు, కుర్చీ అడగలేదు. ఆమె పక్కన నిలబడి ఉన్నచోటే కాళ్ళు ఎత్తి వెయ్యడం మొదలెట్టాను.

ఆవిడ వింతగా చూసింది. "ఏటమ్మా, నువ్వెందుకలాగ గెంతుతన్నావు?"

"నువ్వు బయల్దేరేదాకా నేనూ ఇక్కడే ఉంటాను కదా పెద్దమ్మా" అన్నాను.