ముందు గొంతు, తర్వాత మొగం

మొన్న ఆదివారం మా పక్క వాటాలో కొత్త టీవీ దించారు. అట్టపెట్టె చించుతున్న చప్పుడు, గోడలో మేకులు దిగుతున్న మోత, పిల్లల కేకలు అన్నీ వినిపించాయి. వాస్తు పేరు చెప్పి వంటగదులు పగలగొట్టించేవాళ్ళను దులిపేస్తూ ఒక వ్యాసం రాసుకుంటున్నాను. ఆ చప్పుళ్ళకు నా కలం ఆగలేదు. కాసేపటికి తలుపు సందులోంచి కర్పూరం వాసన వచ్చింది. అప్పుడు ఆగింది. ఎవరో కొత్త టీవీకి హారతి ఇస్తున్నారు. నాకు అరవై దాటాయి. ఇప్పటికీ ఆ వాసన ముక్కుకు తగిలితే చేతిలో పని పక్కన పెట్టేస్తాను. దానికి కారణం దేవుడు కాదు, ఓబులమ్మ టీచర్.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను దేవుణ్ణి నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇది చదివి, వయసు మీదపడి మెత్తబడిందని ఎవరైనా సంబరపడితే ఆ సంబరం దండగ. కర్పూరం ఒక రసాయనం. మండుతుంది, ఆరిపోతుంది. ఈ సంగతి నాకు చెప్పింది కూడా ఓబులమ్మ టీచరే.

ఆళ్ళగడ్డ ఆడపిల్లల హైస్కూల్లో ఆమె మాకు సైన్సు చెప్పేది. డెబ్బైల నాటి మాట. సన్నగా, పొడవుగా ఉండేది. ముదురు రంగు నేత చీర, మోచేతుల దాకా జాకెట్టు, చేతికి గాజుల బదులు ఒక మగవాళ్ళ వాచీ. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక పసివాడైన తమ్ముణ్ణి తానే పెంచింది. గుడికి పోదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఒకసారి హెడ్‌మిస్ట్రెస్, "అహోబిలం ఓబులేసు పేరు పెట్టుకోని గుడికి పోనంటావేందమ్మా?" అని ఎత్తిపొడిచింది. "పేరు పెట్టింది మా నాయన మేడమ్. ఆయప్ప పొయినాడు, పేరు మిగిలింది. వాడుకుంటాండా," అంది టీచర్. స్టాఫ్ రూమ్ బయట నిలబడి విన్న నేను ఆ రోజే ఆమెకు దాసోహమైపోయాను.

అప్పట్లో మా వీధిలో ఒక మంత్రగాడు తిరిగేవాడు. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారేది. ఎవరో చేతబడి చేశారని చెప్పి బియ్యం, కోడి పట్టుకుపోయేవాడు. టీచర్ క్లాసులోకి ఒక చాకు, ఒక మందారపువ్వు, ఒక నిమ్మకాయ తెచ్చింది. పువ్వు రెక్కలు చాకుకు రుద్ది ఆరనిచ్చి నిమ్మకాయ కోసింది. ఎర్రగా కారింది. ఆ సాయంత్రమే నేను చాకూ మందారపువ్వూ తీసుకుని, ఆ వారంలో మంత్రగాణ్ణి పిలిపించుకున్న ఒకామె ఇంటికి పోయాను. వీధి అరుగు మీద పదిమందిని పోగేసి, ఆమె ఎదుటే నిమ్మకాయ కోసి చూపించాను. జనం నవ్వారు. ఆమె తల దించుకుని లోపలికి పోయింది. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు టీచర్ పిలిచింది. "బాగా కోసినావంటనే. ఆయమ్మ వాణ్ణి ఎందుకు పిలిపించుకున్న్యాదో అడిగినావా?"

"లేదు టీచర్."

"బిడ్డకు నెల దినాల నుంచి జరం. వాణ్ణి తరిమినావు, మంచిపనే. మరి బిడ్డను డాక్టరు కాడికి ఎవరు తోలుకపోవాల?"

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి, తల్లినీ బిడ్డనూ నంద్యాల బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది ఆమే. ఆ రోజు నాకు రెండు పాఠాలు చెప్పిందని చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. నాకు ఒంటబట్టింది ఒక్కటే. కొయ్యడం నేర్చుకున్నాను.

ఆమె తమ్ముడి పేరు నరసింహులు. పత్తి మిల్లులో పనికి కుదిరాడు. నెమ్మదస్తుడు; నేను టీచర్ ఇంటికి పోయే వేళకు ఎప్పుడూ మిల్లులోనే ఉండేవాడు. ఇరవై మూడో ఏట తనలో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. ఊరు గాలి అంది, దెయ్యం అంది. ఆమె కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది, మందులు మింగించింది. కొంచెం కుదుటపడ్డాడు. ఒక తెల్లవారి పాలచెంబు పట్టుకుని బయటికి పోయినవాడు తిరిగి రాలేదు. చెంబు మాత్రం బస్టాండులో సిమెంటు బల్ల మీద దొరికింది. ఎనిమిది నెలలు వెతికింది. నందికొట్కూరు సంతలో అడిగింది. వెలుగోడు చెరువుకట్ట మీద పడుకునే సాధువుల మొగాలు ఒక్కొక్కటీ చూసింది. నల్లమలలో చెంచు గూడేల దాకా పోయి వచ్చింది. "దేవుణ్ణి నమ్మనందుకే ఆమెకు ఈ శిక్ష," అని వీధిలో అన్నవాళ్ళున్నారు. ఆ మాటకు నేను కత్తులు నూరాను. ఆమె మాత్రం వాళ్ళనూ వదలకుండా, "మా నరసింహులు యాడన్నా కనపడితే చెప్పండప్పా," అని అడిగేది.

ఎనభైల తొలి సంవత్సరాలవి. టీవీలో సాయంత్రం పూట తప్పిపోయినవాళ్ళ ఫోటోలు చూపించి వివరాలు చదివేవారు. ఆమె అర్జీ పెట్టింది. విడి ఫోటో కావాలన్నారు. నరసింహులుది ఉన్నది ఒకటే, మిల్లువాళ్ళంతా రెండు వరసలుగా నిలబడి తీయించుకున్న గ్రూపు ఫోటో. నెగటివు చెడిపోయింది. స్టూడియో అతను దాన్ని చూసి కాపీ తీస్తే మొగం మసకగా వచ్చింది. ఆ మసక కాపీని పోలీసుస్టేషనుకు ఇచ్చేసింది. టీవీకి అసలు ఫోటోలోంచే మొగం కత్తిరించి పంపాలనుకుంది.

నేనప్పటికి నంద్యాలలో టీచర్ ట్రైనింగు చదువుతున్నాను. సెలవుకు ఊరొచ్చి ఆమె ఇంటికి పోతే కత్తెర నా చేతికిచ్చింది. "నాతో కాదు రాజీ. నువ్వు కత్తిరియ్యే." కత్తిరించాను. గోరంత మొగం. కవరులో పెట్టి అంటించాం.

టీవీవాళ్ళ కార్డు వచ్చింది. ఫలానా శనివారం గానీ ఆదివారం గానీ, సాయంత్రం సినిమాకు ముందు ప్రకటన వస్తుందని. ఆళ్ళగడ్డలో టీవీ లేదు. నంద్యాలలో నేను అద్దెకున్న ఇంట్లో ఉంది. ఇంటావిడ రత్నమ్మ, కిరాణా కొట్టు కోమట్లు. మేడమీద ఇనుపగొట్టానికి యాంటెన్నా, హాల్లో నాలుగు కాళ్ళ పెట్టె, దానికి పక్కలకు జారే చెక్క తలుపులు. రోజూ సాయంత్రం ఆ తలుపులు తెరిచే ముందు రత్నమ్మ పెట్టెకు బొట్టు పెట్టి కర్పూరం వెలిగించేది. నేను నా గదిలో కూర్చుని ఆ తంతు మీద వెటకారంగా ఒక వ్యాసం రాసి, కాలేజీలో చదివి చప్పట్లు కొట్టించుకున్నాను.

శనివారం మధ్యాహ్నం టీచర్ బస్సు దిగింది. టిఫిను క్యారియర్లో మాకందరికీ బెల్లం ఓళిగలు తెచ్చింది. సాయంత్రానికి హాలు నిండింది. రత్నమ్మ హారతి ఇస్తుంటే నేను టీచర్ చెవిలో, "చూడండి టీచర్, డబ్బాకు హారతి," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. రత్నమ్మ టీవీ గుండీ తిప్పగానే మాటలు వినిపించాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. బొమ్మ రాలేదు.

"చూసినావా? ముందు గొంతొస్తాది, తర్వాత మొగం," అని మెల్లగా చెప్పింది. "లోపలి గొట్టం కాగాల. కాగినాకనే బొమ్మ."

కళ్ళు తెర మీదే ఉన్నాయి. అప్పుడు కూడా పాఠం చెబుతోంది. గుక్కపట్టి ఏడవకుండా ఉండటానికి ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. శనివారం ప్రకటనలే రాలేదు. నేరుగా సినిమా వేశారు. అందరూ సినిమా చూశారు. ఆమె ప్రతి గుంపు దృశ్యంలోనూ మొగాలు చూసింది.

ఆదివారం పొద్దున వంటింట్లో రత్నమ్మ, టీచర్ కూర్చుని గోరుచిక్కుడు ఈనెలు తీస్తున్నారు. నేను నీళ్ళకు పోయి విన్నాను.

"నా పెద్దోడు మూడేండ్లకే పాయ టీచరమ్మా. మొగం మతికి లేదు. ఒక ఫోటో అన్నా తీపిచ్చుకోకపోతి," అంటోంది రత్నమ్మ. "నీ తమ్ముడు ఈ పొద్దు కనపడతానే ఆ మొగానికి హారతిస్తా. బేగా ఇంటికొస్తాడు చూడు."

"సరే అక్కా," అంది టీచర్.

నాకు ఒళ్ళు మండింది. ఓబులమ్మ టీచర్ సరే అనడమా! ఆ మంటతోనే సాయంత్రం హాల్లో కూర్చున్నాను.

తప్పిపోయినవారి ప్రకటనలు మొదలయ్యాయి. మొదట ఎవరో ముసలాయన. రత్నమ్మ గబుక్కున లేచి, కర్పూరం వెలిగించి, పళ్ళెం పట్టుకుని తెరకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకోండమ్మా, కనపడదు," అన్నాను.

"ఒక్క నిమిషం పాపా. నరసింహులు వస్తానే..."

"హారతిస్తే మనుషులు తిరిగొస్తారా? మరి మీ బిడ్డ ఎందుకు రాలేదు?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఎవరో కాదు, నేనే అన్నాను. రత్నమ్మ పళ్ళెం కింద పెట్టింది. టక్కున గుండీ తిప్పి, చెక్క తలుపులు రెండూ మూసేసింది.

"నా బిడ్డనంటావా? నా ఇంట్లో కూచోని? లెయ్యి. అందరూ లెయ్యండి."

నేను ఇంకా మాట్లాడుతున్నాను. మూఢత్వం అన్నాను, శాస్త్రం అన్నాను. అన్నీ నిజాలే. ఆ నిజాలు చెబుతున్నంతసేపూ మూసిన తలుపుల వెనక క్షణాలు పోతున్నాయి. ఓబులమ్మ టీచర్ లేచింది. నా వైపు చూడలేదు. నేల మీది పళ్ళెం తీసుకుంది. జీవితంలో ఏ దేవుడికీ పట్టనిది, ఆ మూసిన చెక్క తలుపులకు మూడుసార్లు హారతి తిప్పింది. మంటమీద చేతులు పెట్టి కళ్ళకద్దుకుంది.

"రత్నమ్మక్కా. తెరువక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

రత్నమ్మ అప్పటికే ఏడుస్తోంది. పరుగున వచ్చి తలుపులు లాగి గుండీ తిప్పింది.

ముందు గొంతొచ్చింది. "...నరసింహులు. వయసు ఇరవై నాలుగు. చామనఛాయ. ఇంటినుండి వెళ్ళేటప్పుడు నీలం గళ్ళ చొక్కా ధరించి ఉన్నారు. ఎత్తు..." నల్లటి తెర. టీచర్ మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ ఆ గాజుకు ఆనించింది, తన వేడితో లోపలి గొట్టాన్ని తొందరగా కాగబెట్టాలన్నట్టు. తెర బూడిదరంగుకు తిరిగింది. గీతలు కదిలాయి. బొమ్మ నిలిచింది. రెండు జడల చిన్నపిల్ల. ఏదో ఊరి పాప. గొంతు ఆ పాప పేరు చదువుతోంది.

సోమవారం పొద్దున బస్టాండులో ఆమె కాళ్ళ మీద పడబోయాను. ఒప్పుకోలేదు. తిట్టినా బాగుండేది.

"ఎత్తు ఎంతని చదివినాడు రాజీ? అయిదడుగుల అయిదంగుళాలు అని నేను రాసినా. ఆయప్ప నాలుగు అన్నట్టుండాది. నువ్వు విన్న్యావా?"

నేను వినలేదు. ఆ గొంతు వినిపిస్తున్నప్పుడు కూడా మనసులో రత్నమ్మతో వాదిస్తూనే ఉన్నాను. తల అడ్డంగా ఊపాను. "పోన్లే," అని బస్సెక్కింది. కిటికీలోంచి, "రత్నమ్మ కాడికి పో. ముందు ఆయమ్మ కొడుకు పేరేందో అడుగు," అంది.

అడిగాను. శ్రీనివాసులట. ఆ పేరు చెప్పడానికి రత్నమ్మకు చాలాసేపు పట్టింది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను.

నరసింహులు రాలేదు. పంపిన ఫోటో తిరిగి రాలేదు. ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. టీవీ ఉన్న ఊళ్ళల్లో ఆ ప్రకటన చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని టీచర్ చాలాకాలం అడిగేది. తర్వాత మానుకుంది. రిటైరయ్యే దాకా పిల్లలకు నిమ్మకాయ కోసి చూపిస్తూనే ఉంది. హారతి సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. ఒకసారి తనే అంది, "ఆ పొద్దు కర్పూరం కర్పూరమే. నేను తిప్పింది రత్నమ్మకు." పోయే ముందు ఆ గ్రూపు ఫోటో నాకిమ్మని చెప్పి పోయిందట.

ఇప్పుడది నా రాత బల్ల ఎదురుగా ఉంది. నలభై ఏళ్ళుగా వాదిస్తున్నాను, వాదిస్తూనే ఉంటాను. మొన్న పక్క వాటా అమ్మాయి హారతి పళ్ళెం పట్టుకుని మా గుమ్మంలోకి వస్తే, నేను కళ్ళకు అద్దుకోలేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "ఏం మొక్కుకున్నావమ్మా?" అని అడిగాను. ఆమె చెప్పింది. చాలాసేపు చెప్పింది. వ్యాసం ఆ రోజుకు అక్కడే ఆగింది.

ఆమె వెళ్ళాక ఫోటో ముందు నిలబడ్డాను. రెండు వరసల మనుషులు, వెనక వరసలో ఎడమ నుంచి మూడోచోట గోరంత కన్నం. అందులోంచి గోడ సున్నం కనిపిస్తుంది. ఆ మొగాన్ని ఆళ్ళగడ్డలో చివరిసారి చేతుల్లోకి తీసుకున్నది నేనే. తమ్ముడి మొగం మరుపుకు వస్తోందని, ఎట్లా ఉంటాడో చెప్పమని టీచర్ ఎన్నిసార్లో అడిగింది, కళ్ళు మసకబారుతున్న రోజుల్లో. నేను చెప్పలేకపోయాను. ఆ రోజు కత్తెర పట్టుకుని గీత వంకరపోకుండా చూసుకున్నాను. గీతనే చూశాను. మొగాన్ని చూడలేదు.