మూడోసారి ఒప్పుకునే టీచరు

ఆవిడ అసలు పేరేమిటో క్లాసులో ఎవరికీ పట్టలేదు. అందరికీ ఆవిడ 'కుదరదు టీచరు'. మొదట్లో చాటుగా అనుకునేవారు, ఇప్పుడు మొహం మీదే అనేస్తున్నారు. ఆవిడా పలికేస్తోంది. కోపం తెచ్చుకోవడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా.

దర్జీ దుకాణం మీది మేడగదిలో ఆవిడ ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతుంది. కింద కుట్టుమిషన్లు ఆగవు, పైన ఆవిడ నోరు ఆగదు. వచ్చేవాళ్లంతా పొద్దస్తమానం ఏదో ఒక పని చేసి, మొహం కడుక్కుని వచ్చే పెద్దవాళ్లు. ఒకామె ఆసుపత్రిలో నర్సు, ఒకాయన టాక్సీ డ్రైవరు, ఇంకొకతను హోటల్లో వచ్చినవాళ్లకి తాళాలిచ్చే ఉద్యోగి. గది మధ్యలో ఒక బల్ల, దానికి అటొక కుర్చీ ఇటొక కుర్చీ. ఇటు కూర్చున్నవాళ్లు ఏదో ఒకటి అడగాలి. అటు కూర్చుని ఆవిడ కాదనాలి. ఒకసారి బ్యాంకు మేనేజరు, ఒకసారి ఇంటి ఓనరు, ఇంకోసారి సెలవివ్వని పైఅధికారి. ఇన్ని వేషాలకూ ఆవిడ మాట ఒకటే, కుదరదు.

ఆ వారం పాఠం జట్టు మాటలు. ఆ పేరు ఆవిడ పెట్టుకున్నదే.

"గివ్ అప్ అంట! గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. పైకి ఇవ్వడమేంటి టీచర్, నా తలకాయ!" అన్నాడు డ్రైవరు.

"విడదీసి చూస్తే ఏమీ దొరకదు నాయనా. అది జట్టు. మనం 'వాడు చేతులెత్తేశాడు' అంటాం. ఎవరి చేతులు? ఎక్కడికి లేచాయి? ఇక నావల్ల కాదని వదిలేశాడు, అంతేగా."

"అంతే."

"ఇప్పుడు ఆ జట్టుని కదపకుండా పక్కన ఇంకోటి మార్చు. చేతులెత్తేయాలి. ఎత్తేయకూడదు. ఎత్తేస్తాడేమో. ఎత్తేయలేను. జట్టు అదే, మనిషి పరిస్థితి మాత్రం నాలుగు రకాలయింది. మనకి ఆ మార్పు తోకలో ఉంటుంది. ఇంగ్లీషు వాళ్లకి తల దగ్గర ఉంటుంది. మస్ట్, షుడ్, మైట్, క్యాన్. ముందు దాన్ని పట్టుకోండి, మిగతాది దాని వెనకే వస్తుంది."

నర్సు నవ్వి, "మాకు డ్యూటీలో తోక ఒకటే టీచర్. తప్పదు," అంది. క్లాసంతా నవ్వింది. ఆవిడకి నవ్వొచ్చింది గానీ, దవడలు నొప్పెట్టి మధ్యలోనే ఆపేసింది. పొద్దున్నుంచి మాట్లాడుతున్న దవడలు అవి.

బల్ల దగ్గర ఆవిడ పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. మొదటిసారి ముక్కుసూటిగా అడిగితే కుదరదంటుంది. రెండోసారి 'కుడ్ యూ' అని కాస్త మెత్తగా అడిగినా కుదరదంటుంది. మూడోసారి ఇంకా ఒదిగి, 'మీకు వీలయితేనే' అన్నట్టు అడిగితే ఒప్పేసుకుంటుంది. క్లాసు చప్పట్లు కొడుతుంది. రోజంతా నిజంగా కుదరదనిపించుకుని వచ్చినవాళ్లని ఇక్కడ కూడా ఉత్త చేతులతో పంపడం ఆవిడకి మనసొప్పలేదు. అందుకని పెట్టింది. మంచి మనసుతో పెట్టిన ఆ పద్ధతే ఆవిడ మెడకి చుట్టుకుంది.

ఎలాగంటే, ఇప్పుడా ఇనిస్టిట్యూట్ నడిపే డైరెక్టరు ఒకప్పుడు ఆ బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడే. టీచరు మూడోసారికి ఒప్పుకుంటుందని అతనికి బాగా తెలుసు. సాయంత్రం బ్యాచి తీసుకోమని మూడుసార్లు అడిగాడు, తీసుకుంది. ఆ తరవాత శనివారం. మానేసి వెళ్లిపోయిన ఇంకో టీచరు క్లాసులు కూడా అలాగే వచ్చి ఈవిడ నెత్తిన పడ్డాయి. ప్రతిసారీ ఎంత మర్యాద! ఎంత చక్కటి ఉచ్చారణ! కసురుకునే మనిషైతే ఎదురు తిరిగేదేమో. ఇలా చేతులు కట్టుకుని అడిగేవాణ్ని ఏం చేస్తాం?

ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆదివారం అక్కది.

అమ్మ పోయాక ఆవిడని పెంచింది అక్కే. ఇప్పుడు ఊరి చివర వృద్ధుల ఆశ్రమంలో ఉంటోంది. అక్కకి మతిమరుపు జబ్బు. గుర్తున్న మనుషులు ఒక్కొక్కరే జారిపోతున్నారు. మధ్యలో ఒక ఆదివారం పరీక్షలున్నాయని డైరెక్టరు మూడుసార్లు అడిగితే ఈవిడ ఉండిపోయింది. ఆ తరవాత వెళ్తే అక్క మంచం మీద సర్దుకుని కూర్చుని, "రండమ్మా. మీరెవరి తాలూకు?" అంది. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట 'మీరు' అని వినడం అదే మొదలు. ఈవిడ తల దువ్వి, జడ వేసి, చిన్నప్పటి తిట్లన్నీ గుర్తు చేస్తే, బయల్దేరే వేళకి గానీ 'ఒసేయ్' రాలేదు. మళ్లీ ఒక్క ఆదివారం తప్పితే ఆ 'ఒసేయ్' తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు.

డైరెక్టరు ఆ సాయంత్రం క్లాసు జరుగుతుండగానే వచ్చాడు. సరదాగా ఇటువైపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మన సారు కూడా పాఠం చెప్పించుకుంటారు కాబోలని క్లాసు సర్దుకుని కూర్చుంది.

ఆదివారం కొత్త బ్యాచి మొదలవుతోందని, తీసుకోగలరా అని ఇంగ్లీషులో అడిగాడు.

"కుదరదు," అంది ఆవిడ.

వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. అతనూ నవ్వాడు. గొంతు తగ్గించి, కాస్త చూసుకుంటారా మేడం అన్నట్టు రెండోది అడిగాడు.

"కుదరదు."

మూడోది చాలా బాగా అడిగాడు. ఆవిడ నేర్పినదానికన్నా బాగా అడిగాడు. మీకు ఇబ్బంది లేకపోతేనే, మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు గనకే, అన్నట్టు ఎక్కడ మెత్తపడాలో అక్కడ మెత్తపడి, తల కాస్త వంచి మరీ అడిగాడు. చప్పట్లు కొట్టడానికి డ్రైవరు చేతులు పైకెత్తి పట్టుకున్నాడు.

ఆవిడ నోటిదాకా 'సరే' వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు మరి. బల్ల అంచు పట్టుకుంది.

"కుదరదు బాబూ," అంది.

డ్రైవరు ఎత్తిన చేతులు దించేశాడు. నర్సు మెల్లిగా, "టీచర్, మూడోసారి అయిపోయింది," అని అందించింది.

"తెలుసమ్మా. ఇది పాఠం కాదు."

డైరెక్టరు నోరు తెరిచాడు, మూశాడు. అతను పొగరుగా ఊరుకున్నాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మూడోసారి కూడా కాదంటే ఏమనాలో పాపం అతనికి తెలీదు. ఆవిడ ఎప్పుడూ నేర్పలేదు. ఆ సంగతి ఆవిడకీ అప్పుడే తట్టింది, సిగ్గేసింది కూడా.

"పరవాలేదు మేడం, అర్థమయింది, అనాలి," అంది మెల్లగా.

"పరవాలేదు మేడం. అర్థమయింది," అన్నాడతను. అలవాటు కొద్దీ క్లాసంతా గొంతు కలిపి అదే మాట అంది. అతను కుర్చీ బల్ల కిందికి తోసి వెళ్లిపోయాడు. రేపు ఏమంటాడో ఆవిడకి తెలీదు. తెలుసుకునే ఓపికా లేదు.

ఆదివారం వెళ్లేసరికి అక్క కిటికీ దగ్గరుంది. "ఏమే, ఇప్పటికా రావడం? జడ ఎవరు వేస్తారు, మీ తాతా?" అంది. ఆవిడ సంచి కింద పడేసి దువ్వెన తీసింది. వారం పొడుగునా మాట్లాడి మాట్లాడి నోట్లో ఏమీ మిగల్లేదు. అక్క తలలో దువ్వెన పెట్టాక మాత్రం ప్రాణం లేచొచ్చింది.

జడ సగంలో ఉండగా అక్క అడిగింది. "రేపు కూడా వస్తావా?"

"రేపు కుదరదక్కా. క్లాసులున్నాయి."

"అలాగా," అంది అక్క. చెట్టు మీది కాకిని చూసింది. మళ్లీ కొత్తగా, "రేపు కూడా వస్తావా?" అంది.

"కుదరదక్కా."

జడ చివర రిబ్బను కడుతుంటే అక్క మెడ తిప్పి చూసింది. బతిమాలడం, మెత్తపడడం అక్కకి రావు. అడిగానన్న సంగతే ఆమెకి గుర్తులేదు.

"ఒసేయ్, రేపు కూడా వస్తావా?"

"వస్తానక్కా," అంది ఆవిడ.

రేపటికి అక్క ఈ మాట మరిచిపోతుంది. అది ఆవిడకి తెలుసు. అయినా మరిచిపోకుండా కిటికీ దగ్గర ఎదురుచూస్తే బాగుండునని కూడా అనిపించింది. ముడి వదులుగా పడింది, విప్పి మళ్లీ కట్టింది.