డెబ్బై రెండు గంటల సూరన్న

సూరన్న పోయాక కలకత్తా ఖిదిర్‌పూర్ రేవులో అతని గురించి అబద్ధం చెప్పని మనిషంటూ లేడు. డైమండ్ హార్బర్ రోడ్డు మీద లారీని దాటేశాడని ఒకడంటాడు. రెండు చేతులూ వదిలేసి, సైకిల్ మీదే బీడీ ముట్టించాడని ఇంకొకడంటాడు. నిజానికి అతను బీడీ కాల్చడు. నిజాలు నాకు తెలుసు. అతని అభిమానుల్లో మొదటివాణ్ణి నేను. అతన్ని చంపినవాళ్ళలోనూ ముందున్నది నేనే.

నా పేరు గురువులు. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చి రేవులో బస్తాలు మోసినవాడి కొడుకుని. నేనూ బస్తాలే మోశాను. సూరన్నా మేమూ ఒకే లైనులో ఉండేవాళ్ళం. లైనంటే ఒకే కప్పు కింద పది గదులు, గదికో సంసారం. అతనిది చివరి గది. భార్య జగ్గమ్మ. పిల్లల్లేరు. అతను నాకంటే పదేళ్ళు పెద్ద కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి, ఆమెను వదినా అని.

ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడు రేవు కూలీలకు సైకిల్ పందెం పెట్టారు. ఖిదిర్‌పూర్ నుంచి డైమండ్ హార్బర్ దాకా వెళ్ళి తిరిగి రావాలి. సూరన్న వరసగా నాలుగేళ్ళు గెలిచాడు. రెండో ఏటి నుంచి ఒక సైకిల్ దుకాణం వాళ్ళు అతనికి జీతమిచ్చి, తమ పేరున్న బనియను తొడిగి, ఊరూరా పందేలకు పంపారు. అలా జీతానికి సైకిల్ తొక్కిన తెలుగువాణ్ణి మేం అంతకుముందు చూడలేదు. బెంగాలీ కుర్రాళ్ళు కూడా 'సూరన్‌దా' అంటూ వెంట పరిగెత్తేవాళ్ళు. అతనికో ఎత్తు ఉండేది. ఆఖరి ఐదు మైళ్ళలో ఉన్నట్టుండి తల హ్యాండిల్ మీద వాల్చేసేవాడు. పక్కవాళ్ళు వీడి పని అయిపోయిందనుకుని నెమ్మదించేవాళ్ళు. అప్పుడు లేచి దూసుకుపోయేవాడు. ఆ తల వాలిందంటే చాలు, రోడ్డుకి అటూ ఇటూ మేం పూనకం వచ్చినట్టు ఊగిపోయేవాళ్ళం.

ఐదో ఏడు మోకాలు పోయింది. తర్వాత గుండె. నీళ్ళ బకెట్టు కూడా ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. రేవులో గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు. సూరన్న సంతోషంగానే ఉన్నాడు. సాయంత్రం గది ముందు పీట వేసుకుని జగ్గమ్మకు ఉల్లిపాయలు తరిగి పెట్టేవాడు. మాకే అది మింగుడుపడలేదు. మేం భుజాల మీద మోసిన మనిషి ఆడదాని పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరగడమేమిటి? అటుగా వెళ్ళిన ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టుండేది.

1986 చలికాలంలో పక్క పేటలో ఒకతను అరవై గంటలు ఆగకుండా సైకిల్ తొక్కాడు. మైదానంలో గుండ్రంగా తాడు కట్టి, మైకు పెట్టి, జనం చూస్తుండగా తిరగడం అప్పట్లో కలకత్తాలో పెద్ద వేడుక. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిల్ మీదే. మిగతా పనులకు చుట్టూ దుప్పట్లు పట్టుకుని మనుషులు కూడా పరిగెత్తాలి. కాలు నేలకు తగిలితే ఆట ముగిసినట్టే. కునుకు తీసేటప్పుడు మాత్రం వెనక నుంచి ఒకడు సీటు పట్టుకుని నడిపించవచ్చు. ఆ రూలు ఎవరు పెట్టారో తెలీదు, అందరూ ఒప్పుకునేవాళ్ళు.

మా లైను తెలుగువాళ్ళ క్లబ్బు సెక్రటరీ వెంకటరత్నానికి ఆ అరవై గంటలు ముల్లులా గుచ్చుకున్నాయి.

"మనోడు డెబ్బై రెండు తొక్కుతాడు," అన్నాడు టీకొట్టు దగ్గర, అక్కడే ఉన్న సూరన్నను అడక్కుండానే.

"నా వల్ల కాదురా బాబూ. డాకటేరు ఏటి సెప్పినాడో మీకు తెల్దా?" అన్నాడు సూరన్న.

రెండు వారాలు అతన్ని వేధించాం. మొదట బతిమాలాం. తర్వాత పలకరించడం మానేశాం. తర్వాత వెక్కిరించాం. అతను గేటు దగ్గర కూర్చుంటే సైకిల్ బెల్లు మోగించి వెళ్ళేవాళ్ళం. ఇవేవీ అతన్ని కదిలించలేదు. కదిలించిన మాట నాది. ఒక సాయంత్రం అతను ఉల్లిపాయలు తరుగుతుంటే, లైను మొత్తం వినేలా అరిచాను.

"అన్నా, ఆ కోక కూడా కట్టీసుకో. వొదిన నీ పంట్లాం తొడుక్కుని రేవుకొస్తాది."

అందరూ నవ్వారు. జగ్గమ్మ కత్తిపీట లాక్కుని లోపలికి పోయింది. సూరన్న నవ్వలేదు, కోప్పడలేదు. మర్నాడు పొద్దున వెంకటరత్నం ఇంటికి వెళ్ళి సరేనన్నాడు. నేను గొప్ప పని చేశాననుకున్నాను.

గురువారం సాయంత్రం ఐదింటికి మా పేట మైదానంలో సైకిల్ ఎక్కాడు. ఆదివారం ఐదింటికి గంట కొట్టాలి. మొదటి రోజు దర్జాగా తిరిగాడు. రెండో రోజు కాళ్ళు పొంగాయి. మూడో రోజు పెదవులు నల్లబడ్డాయి. జగ్గమ్మ రోజూ నాలుగింటికి గిన్నెలో చోడి అంబలి తెచ్చి, పక్కనే పరిగెడుతూ గరిటెతో నోటికందించేది. శనివారం ఆమె వెంకటరత్నం కాళ్ళు పట్టుకుంది, దింపెయ్యమని. "రేపీపాటికి ఆడు రాజు, నువ్వు రాణీవి. ఎల్లమ్మా," అన్నాడతను.

ఆదివారం మధ్యాహ్నం సీటు పట్టుకునే వంతు నాది. మూడు కావడానికి ఇంకా పావుగంట ఉంది. సూరన్న తల హ్యాండిల్ మీద వాలింది.

మైదానం మొత్తం హోరెత్తింది. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు దూసుకుపోతాడు! ఈలలు, కేకలు, ఎవరో తాషా వాయించారు. నేనూ అరిచాను. అరుస్తూ అరుస్తూనే, మనిషి బరువంతా నా చేతి మీదకి వచ్చేసిందని తెలిసింది. సీటు తడిసి, నా వేళ్ళ మీదుగా వెచ్చగా కారింది. ఒంగి ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. ఊపిరి లేదు.

"రత్నం! అన్న పోనాడు!" అన్నాను.

వెంకటరత్నం పక్కకొచ్చి నడుస్తూనే సూరన్న మెడ మీద చెయ్యి వేసి చూశాడు. అతని ముఖం పాలిపోయింది. జనాన్ని చూశాడు. గడియారం చూసుకున్నాడు.

"నోర్ముయ్. రెండు గంటలే ఉంది. సీటొగ్గీకు," అన్నాడు.

నేను వదల్లేదు.

ఇద్దరు కుర్రాళ్ళు చెరో పక్కా భుజాలు పట్టుకున్నారు. కాళ్ళు జారి నేలకు తగలకుండా గమ్ఛా తువ్వాళ్ళతో పెడళ్ళకు కట్టాం. తలకు మఫ్లరు చుట్టాం. నిద్రపోతున్నాడని మైకులో చెప్పారు. చక్రాలు తిరిగాయి, పెడళ్ళు తిరగలేదు. ఎవరు చూసినా తెలిసేదే. ఎవరూ చూడలేదు. నాలుగింటికి జగ్గమ్మ అంబలి తెచ్చింది. తాడు దగ్గరే ఆపేశారు. "పడుకున్నాడమ్మా, లేపకు" అన్నారు. ఆమె గిన్నె ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది. ప్రతి చుట్టులోనూ ఆమె ముందు నుంచే వెళ్ళాం. ఆ శవాన్ని రెండుంబావు గంటలు నడిపించిన చెయ్యి ఇది. భయమేసింది. సిగ్గు చాలా తర్వాత వచ్చింది.

ఐదింటికి గంట కొట్టారు. దండలు పడ్డాయి. అప్పుడు దింపి, కుప్పకూలాడని కేకలు పెట్టి టాక్సీలో పేట డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన వెంకటరత్నం ఏది చెబితే అది రాశాడు. గుండె ఆగింది, సాయంత్రం ఐదూ ఇరవై. గంట కొట్టాక చెయ్యెత్తి అందరికీ దణ్ణం పెట్టి మరీ పోయాడని లైనుకి చేరేసరికే కథ తయారైపోయింది. ఆ మాట ముందు ఎవరు పుట్టించారో ఇప్పటికీ తెలీదు. చూశామన్నవాళ్ళు మాత్రం వందమంది.

మర్నాడు పొద్దున పంతులు వచ్చి, ప్రాణం ఎన్నింటికి పోయిందని అడిగాడు. మావాళ్ళలో చావు ఘడియ తప్పకుండా చూస్తారు. చెడ్డ నక్షత్రంలో పోతే ఆ ఇల్లు మూసెయ్యాలి. లేకపోతే ఇంట్లోవాళ్ళకూ, ఇరుగుపొరుగుకూ కీడని నమ్మకం. పంతులు పంచాంగం తిప్పాడు. ఆదివారం మధ్యాహ్నం మూడూ యాభై దాకా శ్రవణం, దోషం లేదు. ఆ తర్వాత ధనిష్ఠ.

"ఐదూ ఇరవై అంటున్నారు కదా. ధనిష్ఠే. ఆరు నెలలు గది విడిచిపెట్టాలమ్మా," అన్నాడు.

జగ్గమ్మకు ఆ గది తప్ప దిక్కులేదు. సొంతూళ్ళో కూడా ఎవరూ మిగల్లేదు. ఆమె ఏడుపు ఆపేసి, లైనంతా చూస్తుండగా లేచి నా ముందుకొచ్చి నిలబడింది.

"గురువులూ, నువ్వు ఎనకాల ఉన్నావు. నాను అంబలి తెచ్చినప్పటికి ఆడు బతికున్నాడా? నిజం సెప్పు. ఆ ముందే పోనాడంటే నా గది నాకుంటాది. నువ్వొక్క మాట సెప్తే సాలు."

వెంకటరత్నం నా వైపే చూస్తున్నాడు. పోలీసులు గుర్తొచ్చారు. వాళ్ళకంటే ముందు, అరవై గంటల పక్క పేటవాళ్ళ నవ్వు గుర్తొచ్చింది. ఇది రాయడానికి నాకే అసహ్యంగా ఉంది, కానీ అదే ముందు గుర్తొచ్చింది.

"గంట కొట్టినాకే వొదినా. నా సేత్తో పట్టుకున్నాను గదా," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి గదిలోకి పోయింది. పక్క గదివాళ్ళు అప్పటికే మూట కట్టడానికి సాయం చేస్తున్నారు. వాళ్ళ పిల్లల మీద వాళ్ళకు భయం. భవానీపూర్‌లో మునిసిపాలిటీ పాకీపని చేసే దాలమ్మ అనే తెలిసినావిడ తన క్వార్టర్ వరండాలో చోటిచ్చింది. గది తాళం చెవి క్లబ్బుకిచ్చి వెళ్ళింది జగ్గమ్మ. మేం జాగ్రత్తగా చూసుకుంటామన్నాం.

చూసుకున్నాం. రెండో నెలలో పొయ్యి పగలగొట్టి గోడలకు సున్నం వేశాం. సైకిల్ని గోడకు వేలాడదీశాం. నిలువెత్తు ఫొటో పెట్టాం. గుమ్మం మీద 'సూరన్న స్మృతి మందిరం' అని మూడు భాషల్లో బోర్డు రాయించాం. ఆమె పెట్టె, గిన్నెలు ఎవరు పట్టుకుపోయారో నేను అడగలేదు.

ఆరు నెలలు నిండిన మర్నాడే ఆమె మూటతో వచ్చింది. ఊరి చివర సాల్ట్ లేక్‌లో కడుతున్న ఇళ్ళకు ఇటుకలు మోస్తోందట, నెత్తి మీద జుట్టు ఊడిపోయింది. బోర్డు చదవడం ఆమెకు రాదు. తలుపు తోసి చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పొయ్యేదీ?" అంది.

"అమ్మా, అదింక ఇల్లు కాదు, గుడి. గుళ్ళో వంటలు సేస్తారేటి? ఆడు నీ ఒక్కదాని మొగుడు కాదిప్పుడు, ఊరందరోడు," అన్నాడు వెంకటరత్నం. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను. ఆమె మూట నేల మీద దించకుండానే వెనక్కి తిరిగింది.

సూరన్న పోయి ఏడాదైన రోజు పెట్టిన సభకు ఆమెను దండ వేయించడానికి పిలిపించారు. వచ్చింది. సభ మొదలవ్వకముందు గది పక్కన ఒంటరిగా కనిపించింది. ఆ ఏడాదంతా నాకు నిద్ర సరిగా లేదు. ఇక దాచలేక చెప్పేశాను. "వొదినా, అన్న మూడింటికి ముందే పోనాడు. నాను అబద్ధమాడినాను."

ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు.

"నాకు తెల్దనుకున్నావా? ఆ సాయంత్రం నీళ్ళు పోసింది నానే. మోకాళ్ళు మడిసినవి మడిసినట్టే ఉండిపోనాయి. ఎంత లాగినా సాపలేదు. సీలమండల మీద గమ్ఛా కట్టిన వాతలు. నాకు తెలిసి ఏటి లాభం? నా మాట పంతులు ఇంటాడా, లైను ఇంటాదా? నీ మాటయితే ఇంటారు. అందుకే ఆ దినం నిన్నడిగినాను."

ఆమె సభ వైపు చెయ్యి చూపించింది.

"ఇప్పుడు మాత్రం ఏటైపోనాది? పంతులు ముందర వరసలోనే కూకున్నాడు. లైనోలంతా ఉన్నారు. మైకులో సెప్పు. ఆ గది మూసీ అక్కరే నేదని, ఊరికే ఎళ్ళగొట్టీసినామని సెప్పు. ఇటికిలు మొయ్యలేకపోతన్నాను గురువులూ."

చెప్తానన్నాను. చెప్పాలనే మైకు దగ్గరికి నడిచాను. నా పేరు వినగానే చప్పట్లు మోగాయి. సూరన్న సీటు పట్టుకున్న చెయ్యి ఇదేనంటూ వెంకటరత్నం నా చెయ్యి పైకెత్తి చూపించాడు. మూడు వందల మంది నన్ను చూశారు. నా బతుకులో నన్నెవరూ అలా చూడలేదు. జగ్గమ్మ ఫొటో పక్కన కుర్చీలో కూర్చుని నా వైపే చూస్తోంది.

"గంట కొట్టినాక," అన్నాను, "అన్న ఎనక్కి తిరిగి నాకేసి సూసి నవ్వినాడు."

ఆ నవ్వు మాట అంతవరకు ఎవరూ అనలేదు. అది నేను అక్కడికక్కడ పుట్టించాను. జనం లేచి నిలబడ్డారు. పంతులు కళ్ళు తుడుచుకున్నాడు. జగ్గమ్మ దండ వెయ్యకుండానే లేచి, బస్సు రోడ్డు వైపు నడిచింది. మరో రెండేళ్ళకు సాల్ట్ లేక్‌లో పరంజా మెట్ల మీద ఇటుకల తట్టతో సహా పడి చనిపోయిందని దాలమ్మ కబురు పంపింది. ఏ ఘడియలో పోయిందో ఎవరూ అడగలేదు. మూసెయ్యడానికి ఆమెకు ఇల్లు లేదు.

నన్ను మాత్రం ఏటా మాట్లాడమని పిలుస్తారు. వెళ్తాను. ఇప్పుడు ఆ నవ్వు దగ్గర రెండు నిమిషాలు ఆగుతాను, ఏడవడానికి వాళ్ళకు టైము కావాలి కదా.