కుజుని గోత్రం

మంగళవారం పొద్దున ఆరున్నరకు జగిత్యాలల కోరుట్ల బస్సెక్కిన. ముందురోజు నా చెల్లె లచ్చవ్వ ఫోన్ల ఒకటే ఏడుపు: "అన్నా, సరితకు గ్రహం పట్టిందట. అదే చెప్పింది. కొండగట్టు గుడికి తీస్కపోవే."

సరిత లచ్చవ్వకు ఒక్కతే బిడ్డ. హైదరాబాదుల అంగారకుని మట్టి మీద పరిశోధన చేసే సైంటిస్టు. ఇప్పుడు ఏదో పనిమీద సిరిసిల్లల ఉన్నది. గురువారం లచ్చవ్వ గుండెకు ఆపరేషన్. బిడ్డ రాంది బల్ల ఎక్కనని మొండికేసింది.

పక్క సీటామె అడిగింది, "ఏ గ్రహం పట్టింది తాతా?"

"కుజుడు."

"అబ్బో, గట్టోడే. మా ఆయనకు శని పట్టి దుబాయికి తోలిండు. ఇంకా ఇడువలే."

కోరుట్లల లచ్చవ్వ చాయ్ పోసి, "గా కుజదోషంతోనే దానికి మూడు సంబంధాలు తప్పినయ్," అని ముక్కు చీదింది. అక్కడినుంచి వేములవాడ, బస్సు మారి సిరిసిల్ల. మీరు పోతే కిటికీ సీటు పట్టుండ్రి. మంచుల చెట్లు తేలుతుంటే బస్సు నడుస్తున్నట్టే ఉండదు.

పదకొండు దాటినంక బట్టనేసే సాంచెల షెడ్డుకు చేరిన. సాంచె మీదికెళ్లి ఎర్రబట్ట దిగుతున్నది. పక్కనే సరిత.

"ఏ పార్టీ జెండా బిడ్డా?"

"పార్టీది కాదు మామా. కుజునిది."

"నీకు గ్రహం పట్టిందట గదా?"

నవ్వింది. "గ్రహం కోసం పట్టుబట్టిన అని చెప్పిన. అవ్వకు గట్ల ఇనవడ్డది!"

కంపెనీలు అంగారకుని పటం మీద అప్పుడే ప్లాట్లు గీసినయట. రేపు అక్కడ పుట్టేటోళ్లు వీళ్లకు కిరాయిదార్లట. ఆ నేల స్వతంత్రంగా ఉండాలని, ఈ జెండా పట్టుకొని గురువారమే ఢిల్లీ సభల సరిత మాట్లాడాలె. నాకు ఒళ్లు మండింది. మనిషి కాలువెట్టకముందే హద్దురాళ్లా! మా తాత చెల్క భూమిల దొర రాయి పాతిననాడు అడిగినోడు లేడు. పొట్లాల కాయితాల మీద అక్షరాలు నేర్చుకున్న నాకే గింత తెలుస్తది, వాళ్లకు తెల్వదా?

"రెండు టికెట్లు తీసిన మామా," అన్నది సరిత మెల్లగ. "ఒకటి ఢిల్లీకి, ఒకటి కోరుట్లకు. ఏది చింపాల్నో తెలుస్తలేదు."

లచ్చవ్వకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి అంతా చెప్పింది. చెల్లె అడిగింది:

"అక్కడ ఎవలుంటరు బిడ్డా?"

"ఎవలు లేరవ్వా."

"అయ్యో, అవ్వ, అయ్య గూడ లేరా ఆ కుజునికి?"

"లేరు."

 చెల్లె అన్నది: "నాకు మా అన్న ఉన్నడు. నువ్వు వాని దిక్కు పో. కొండగట్టుల మాత్రం పూజల పేర్లు చదివియ్యుమను మామను."

సరిత కోరుట్ల టికెట్టు చింపి, ముక్కలు కొంగున కట్టుకొని ఏడ్చింది.

నాలుగింటికి తిరుగు బస్సు. పొద్దుగూకంగ ఎర్రదుమ్ము లేసింది. ఊర్లు మాయమైనయ్, మా బస్సొక్కటే ఇంకేదో నేల మీద పోతున్నట్టనిపించింది. కొండగట్టుల దిగి కొబ్బరికాయ కొనుక్కొని గుడిలకు పోయిన. నాకు మొక్కులు గిట్టవు. అయినా చెల్లె మాట.

"ఎవరి పేర?" అన్నడు పూజారి.

"లచ్చవ్వ. సరిత." గొంతు సవరించుకున్న. "కుజుడు."

ఆయన నన్ను ఎగాదిగా చూసిండు. "గోత్రం?"

"తెల్వదయ్యా. అవ్వయ్య లేనోడు. ఇంకా ఎవని పట్టా కింద లేడు."

పూజారి నవ్వలే, కోప్పడలే. మూడు పేర్లూ చదివిండు.

జగిత్యాల బస్సుల ఒళ్లె రెండు కొబ్బరి చిప్పలు. ఒకటి లచ్చవ్వకు. గురువారం దవాఖాన్ల ఆమె మంచం పక్కన నేనే కూసుంట. రెండోది ఆ అవ్వయ్య లేనోనికి ఎట్ల అందియ్యాల్నో తెల్వక, ఊరచ్చేదాక కిటికీల నుంచి ఆకాశం దిక్కే చూసిన.