మూరెడు చొప్పున జరిగిన ఊరు

మొన్న ఢిల్లీలో యమున పొంగి, మా మయూర్ విహార్ పక్కన ఏటి పొలాల్లో కూరగాయలు పండించుకునే వాళ్ళంతా మంచాలతో మేకలతో సహా రోడ్డు పక్కకొచ్చి టార్పాలిన్లు కట్టుకున్నారు. మెట్రోకి పరుగెత్తే ఆఫీసు జనం చూసీ చూడనట్టు పోతుంటే, నేను మాత్రం పాల ప్యాకెట్లు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నా వయసావిడే ఒకావిడ పొయ్యి రాజేసుకుంటోంది. నీళ్ళు తీశాక మళ్ళీ అక్కడికేనా దీదీ అని నా గోదారి యాస హిందీలో అడిగితే, "ఔర్ కహా జాయేంగే?" అంది, ఇంకెక్కడికి పోతాం అన్నట్టు.

మాది గోదారి మధ్య లంక. తూర్పూ పడమరా మాకు బళ్ళో పుస్తకానికే. ఊళ్ళో ఏరు వచ్చేవైపు ఎగువ, పోయేవైపు దిగువ, అంతే. బంతిలో భోజనానికి కూర్చున్నా కాస్త ఎగువకి జరగవే అనేవాళ్ళు. పెళ్ళై ఢిల్లీ వచ్చిన కొత్తలో సోఫా దిగువకి జరపండి అన్నానని మావారు ఇప్పటికీ వేళాకోళం చేస్తారు, చెయ్యనీండి, నాకేం! ఊరి చివర, మా ఇంటికి దిగువన ఒకావిడ ఉండేది, అందుకే మాకు దిగువింటి పిన్ని. చుట్టరికం ఏమీ లేదు. మొగుడు పోయిన మనిషి, చంకలో చంటి కూతురు, కాస్త మిరపతోట.

ఏరు ఏటేటా మా గట్టుని కోసుకుంటూ వచ్చేది. నేను ఇంకా పరికిణీలు కట్టుకునే రోజుల్లో ఒక వరదకి పిన్ని తోటా ఇల్లూ రెండూ ఏట్లో కలిసిపోతే, బిడ్డనెత్తుకుని మా వసారాలోకి వచ్చేసింది. ఇక్కడే ఉంటే అందరి గతీ అంతేనని, ఊరంతా లంక నడిమి మెరక మీదికి పోవాలని పెద్దలు తీర్మానించారు. మెరక చూస్తే చిన్నది. లంకలో భూమి మిగిలినవాళ్ళకే ఇళ్ళ స్థలాలు, పిన్ని అవతలి ఒడ్డున మరిది పంచన ఉండొచ్చు అన్నారు. ఆ మరిది ఎలాంటివాడో ఊరందరికీ తెలుసు. పిన్ని చీరలు మూటకట్టుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

మా నాయనమ్మ ఊరుకుంటుందా! కొత్త ఊళ్ళోనూ ఇళ్ళు పాత వరసలోనే పడాలనీ, మాకు దిగువన పిన్ని ఇల్లు పడేదాకా మా ఇంటికి ఒక్క వాసం లేవడానికి వీల్లేదనీ మెరక మీద మంచం వేసుకు కూర్చుంది. జోరున వాన పడుతున్నా తాటాకు గొడుగు కింద అలాగే కూర్చుంది. నాన్న బతిమాలాడు, కసిరాడు, నలుగుర్లో పరువు తీస్తున్నావన్నాడు.

"దిగువింటమ్మా అని రేపట్నించి ఎవర్ని పిలవనురా, గోదారినా?" అంది.

ఆ మాటకి ఎగువింటి బాబాయి పగలబడి నవ్వి, తన స్థలం హద్దు గూటం పీకి మూరెడు ఎగువకి పాతేశాడు. నాన్న గొణుక్కుంటూ మాదీ తగ్గించాడు. ఇంక ఒకర్ని చూసి ఒకరు, పొద్దుగూకేసరికి ప్రతి ఇల్లూ మూరెడు చొప్పున తగ్గి ఎగువకి జరిగితే, చివర్న ఒక ఇల్లు పట్టేంత నేల తేలింది. పిన్ని అప్పుడు ఏడ్చింది.

ఆ ఇంట్లో పిన్ని రోజూ కోళ్ళ గురించి మా నాయనమ్మతో పోట్లాడుకుంటూ చాలా ఏళ్ళు హాయిగా బతికింది. మీరంతా తాతల నాటి ఊరని చెప్పుకుంటారు గానీ, మా ఊరు నాకంటే చిన్నదండీ. ఇప్పుడు అక్కడన్నీ డాబాలే, గుమ్మాలకి నంబర్లు వచ్చాయి, ఎగువింటి దిగువింటి పిలుపులు పోయాయి. అదొక్కటే నాకు బెంగ. ఆమధ్య పిన్ని మనవరాలు ఫోన్ చేసి, ఊళ్ళో ఏ ఇంటి స్థలం చూసినా ఇరుకే, కొత్త డబుల్ కాట్ గదిలో పట్టట్లేదు, ఆ కాలం వాళ్ళకి కొలతలే తెలియవా అని విసుక్కుంది. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. కొలతలు బాగానే తెలుసమ్మా, మీ అమ్మమ్మకి చోటివ్వడానికి ఊరు ఊరంతా తగ్గించుకుంది అని జరిగిందంతా చెప్పాను.

పిల్ల నెమ్మదిగా, "మంచం అడ్డంగా వేసుకుంటాంలే పెద్దమ్మా" అంది.