తానేసిన రోడ్డును తానే తొక్కాలనుకున్న మనిషి

మా మేనమామ రాజమల్లు ఇక లేడు. రెండు వారాల కిందట మంగళవారం తెల్లవారుజామున, లక్సెట్టిపేట పోయే రోడ్డు మీద ఇసుక లారీ ఆయన్ని వెనక నుంచి గుద్ది, సైకిల్‌తో సహా ముప్పై అడుగులు ఈడ్చుకుపోయింది. "పరమపదించిండ్రు అని రాయి బిడ్డా, మంచిగుంటది" అన్నాడు మా బాపు. రాయలేకపోయాను. అది ప్రశాంతమైన మాట. నేను చూసింది మెలితిరిగిన హ్యాండిల్‌నూ, గుర్తుపట్టరాని ముఖాన్నీ. ఏళ్లుగా రోజూ డైరీ రాసే నాకు ఆనాటి పేజీలో తేదీ తప్ప ఒక్క అక్షరమూ రాలేదు.

పంచనామా రాసిన కానిస్టేబుల్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "రాంగ్ సైడ్ల పోయిండు. లారీ వాని తప్పేముంది?" ఊళ్లోనూ అదే మాట. తాగి ఉన్నాడని కొందరు, మతి తప్పిందని కొందరు. ఆయన తాగలేదు, మతీ తప్పలేదు. ఆ రోడ్డు మీద కుడివైపు ఎందుకు తొక్కుతున్నాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మామ ఆరేళ్లు ఒమన్‌లో రోడ్డు పని చేశాడు. మస్కట్ నుంచి సలాలా పోయే దారిలో నడినెత్తిన ఎండ పెట్టుకుని డాంబర్ పోశాడు. పక్క ఊరి పోశం ఆయనకు జత. ఇద్దరిదీ ఒకే గది, ఒకే గిన్నె. ఒకనాడు వెనక్కి వచ్చిన రోలర్ పోశాన్ని నడుము దాకా నలిపేసింది. ఫోర్‌మన్ శవం మీద టార్పాలిన్ కప్పించి పక్కకు లాగించాడు. నెత్తురు మీద ఇసుక చల్లించి, మధ్యాహ్నానికల్లా అక్కడ డాంబర్ పోయించాడు. మామ పార తిప్పి అతని భుజం విరగ్గొట్టాడు. ఆ సాయంత్రం క్యాంపులో ఫోర్‌మన్ మనుషులు నలుగురు మామను ఇనుప పైపులతో కొట్టారు. ఎడమ చెవి అప్పుడే పోయింది. "నా చెవు పోయింది, వాని భుజం పోయింది. బరాబర్" అని నవ్వేవాడు.

రెండు నెలలకు పోశం శవపేటికనూ మామనూ ఒకే విమానంలో పంపించేశారు. దినాల నాడు పిట్టకు పెట్టిన అన్నం పొద్దు తిరిగినా ఏ కాకీ ముట్టలేదు. పోశం భార్య లచ్చవ్వ "ఆయిన ఈడికి రాలే, పడ్డ కాడనే ఉన్నడు" అని నేలకు తల బాదుకుంది. నుదురు చిట్లి నెత్తురు కారుతుంటే మామ ఆమె రెండు చేతులూ పట్టుకుని మాటిచ్చాడు: "ఆడికే పోయి పిట్టకు పెట్టొస్త వదినా."

ఆ మాట నిలుపుకోవడానికే సైకిల్. మస్కట్‌లో దిగి బస్సులో పోవచ్చు కదా అని అడిగాను. "బస్సుల పోతే జాగ దాటిపోతది. సైకిల్ మీదనైతే కాళ్లకు తెలుస్తది. ఆరేండ్లు మమ్ముల గొర్రెల లెక్క లారీల నింపి తోలిండ్రు బిడ్డా. నేనేసిన రోడ్డు, ఒక్కపారన్న నేనే తొక్కుత."

నలుగురిలో నోరు విప్పని పిల్లనని చుట్టాలు నన్ను వెక్కిరిస్తారు. మామకు అదే నచ్చింది. "నువ్వు మాట్లాడకు, రాయి. మాట్లాడెటోళ్లు ఊరంత ఉన్నరు." వీసా కాగితాలు, విమానానికి సైకిల్ విప్పి కట్టే తీరు, నీళ్లు దొరికే బంకులు, అన్నీ పదిహేడు రోజుల ప్రయాణంగా నా నోట్‌బుక్‌లోకి ఎక్కాయి. నేను కిలోమీటర్లు చదివితే ఆయన పనిదినాలు చెప్పేవాడు. "గా వంపా? ఇరవై రెండు దినాలు పట్టింది మాకు. నువ్వు గంటల దాటుమంటున్నవ్!" పోశం పడ్డ చోటు మాత్రం గుర్తు పెట్టనిచ్చేవాడు కాడు. "మ్యాప్‌ల యాడుంటదే అది? నాకెర్క."

చాయ్ హోటల్లో ఒకాయన "మల్లన్నా, సముద్రం మీద సుత తొక్కుతవా?" అంటే మామ కూడా నవ్వాడు. "తాగి రోలర్ కింద పడ్డోని కోసం గింత తిప్పలెందుకే?" అనగానే గ్లాసు అతని మూతి మీద పగిలింది. రెండు పళ్లు ఊడాయి. తర్వాత ఆ మనిషినే సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, దారిపొడవునా తిడుతూ, డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు.

ఇసుక లారీలతో రోజూ యుద్ధమే. తనను రోడ్డు దింపిన ఒక లారీని వెంటాడి, రైల్వే గేటు దగ్గర పట్టుకుని, గాలి పంపుతో అద్దం బద్దలు కొట్టాడు. "దిగు బే! ఒక్కపారి తొక్కి సూడు, పానం యాడికి పోతదో తెలుస్తది" అని డ్రైవర్ కాలర్ పట్టాడట.

ఇక చెప్పవలసింది చెప్పాలి. ఒమన్‌లో బండ్లు కుడివైపు నడుస్తాయి. దాటేసే బండి ఎడమ నుంచి, అంటే మామకు వినపడని వైపు నుంచి వస్తుంది. ఆ భయంతో నేనే రాశాను: "కుడివైపు తొక్కడం ఇక్కడే అలవాటు చేసుకోవాలి." పొలాల బాట మీద అని నా ఉద్దేశం. ఆ మాట రాయలేదు. కాగితంలో ఉన్న మందం కన్నా డాంబర్ కాస్త పలచబడితే మొత్తం తవ్వి మళ్లీ పోయించే పనిలో బతికిన మనిషికి రాత అంటే ఆజ్ఞ. "రాసినవ్ గద, ఇగ చేసుడే" అన్నాడు. ఆ మంగళవారం ఎదురుగా రోడ్డు ఖాళీగానే ఉందట. వెనక, బస్సును దాటబోయిన లారీ కుడివైపుకు వచ్చింది. ఆయన తల కూడా తిప్పలేదని బస్సు కండక్టర్ చెప్పాడు.

నోట్‌బుక్ పట్టుకుని స్టేషన్‌కు పోయాను. పరాయి మగవాళ్ల ముందు నేను అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. ఎస్సై ఆ పేజీ చదివి, "గిది ఒమన్ గాదు గదమ్మా" అని తిరిగిచ్చాడు.

మామ కోపిష్టి. చేయి ముందు, మాట తర్వాత. కానీ ఆయన ఎత్తిన ప్రతి చెయ్యీ నేలపాలైన మనిషి మర్యాద కోసమే లేచింది. అలాంటి కోపానికి చేతులెత్తి మొక్కుతున్నాను.

పదో రోజు లచ్చవ్వ అత్త వచ్చింది. ఏడవలేదు. నోట్‌బుక్ అడిగి తీసుకుంది. ఆమెకు చదువు రాదు.

"గిండ్ల మా ఆయిన పడ్డ జాగ యాడుంది బిడ్డా?"

పదిహేడు రోజుల పేజీలూ తిప్పాను. చివరి పేజీలో మస్కట్ నుంచి సలాలా దాకా గీసిన గీత చూపించి, "గీ నడుమల్నే యాడనో ఉంది అత్తా. మామకొక్కనికే ఎర్క" అన్నాను.

ఆమె అరచేయి చాపి, ఆ గీత మొత్తాన్నీ కప్పింది.